పట్టుదారంతో కట్టిన కారు రేడియో

గద్వాల నుంచి ఫోన్ చేసిన వెంకటేశ్ నమస్కారం కూడా చెప్పకుండా, కారు రేడియోను ఇంటి రేడియో నుంచి ఎట్లా వేరు చేయాలని అడిగాడు. ఏ కాలపు బండికి ఏ కాలపు రేడియో సరిపోతుందో చూసి చెప్పడం పత్రిక ఉద్యోగం మానేశాక నేను పట్టుకున్న వ్యాపకం. ఫోటోలు పంపమన్నాను. అరవైల నడుమ తయారైన అంబాసిడర్, దాని డ్యాష్‌బోర్డు మధ్యలో రెండు మీటల రేడియో కనిపించాయి. హైదరాబాద్‌లో జరగబోయే పాత కార్ల ప్రదర్శనకు వాళ్లు తమ బండి పేరు ఇచ్చారట. నిర్వాహకుల తరఫున ఒక పరిశీలకుడు గద్వాల వచ్చి బండి అంతా బాగుందని చెప్పి, రేడియో దగ్గర ఆగాడట. ఇది మగ్గాల గదిలో వాడిన ఇంటి రేడియో, కారుకు అతికించి కారు రేడియో అని చూపిస్తున్నారు, ఇది మోసం అని వాకిట్లో నలుగురి ముందూ అన్నాడట. ఆదివారం సాయంత్రం నాగర్‌కర్నూలులో చివరి పరిశీలన ఉంది. ఆలోగా రేడియో పీకేయాలి, లేదంటే అది కారు రేడియోనే అని చూపాలి.

మోసం అన్న మాట వల్లే నేను బయలుదేరాను. ముప్ఫై ఏళ్లు వార్తలు రాశాను. ఎవరినైనా మోసగాడని రాయాలంటే మా డెస్కు రెండు ఆధారాలు అడిగేది, రెండోది దొరక్కపోతే వార్త ఆగిపోయేది. ఇక్కడ ఒక పెద్దమనిషి దూది చూసి, మరకలు చూసి, చీరల వ్యాపారం చేసి చనిపోయిన వెంకటేశ్ అన్నను మోసగాడని తేల్చి వెళ్లాడు. ఆయన చెప్పింది నిజమైతే నేనూ అదే రాస్తానని వెంకటేశ్‌కు ముందే చెప్పాను. మా వదినను అడిగి చెప్తా అన్నాడు. పది నిమిషాలకు రమ్మని కబురు వచ్చింది.

గద్వాలకు హైదరాబాద్ నుంచి రైలు, బస్సు రెండూ ఉన్నాయి. కాచిగూడ నుంచి కర్నూలు వైపు వెళ్లే రైళ్లు గద్వాలలో ఆగుతాయి; మామూలుగా మూడు గంటలు, ఒక్కోసారి మూడున్నర. బస్సయితే కర్నూలు రోడ్డులో జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన ఎక్కి దిగాక ఎర్రవల్లి చౌరస్తా వస్తుంది. అక్కడ దిగితే గద్వాలకు షేర్ ఆటోలు, బస్సులు ఉంటాయి. నేను పనిముట్ల సంచితో వెళ్తున్నాను కాబట్టి రైలే మేలనుకున్నాను. ఆదివారం పొద్దున తొమ్మిది దాటాక దిగాను. స్టేషన్ బయట ఆటో అతనికి పాత కారున్న చీరలవాళ్ల ఇల్లు అని చెబితే ఇంకేమీ అడగలేదు.

"గా కారు చూసెతందుకు పట్నం కెల్లి మనుషులొస్తుండ్రు. నా ఆటో గూడ పదేండ్ల నాటిదే సారు, ఒక్కడు మొఖం చూడడు," అన్నాడు. దీనికింకా ముప్ఫై నలభై ఏళ్లు ఆగాలన్నాను. అందాక దాని అప్పు తీరితే చాలన్నాడు.

ఇల్లు కోట వెనుక వీధిలో ఉంది. ముందు గదిలో రెండు గుంట మగ్గాలు. ఒకదాని మీద లేత పసుపు నూలు చీర, దాని అంచుకు మెరిసే ముదురు ఎరుపు పట్టు. గద్వాల చీర గురించి తెలియనివాళ్లకు ఒక్క మాట: ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, రెంటినీ నేతలోనే కలుపుతారు. పక్కన రేకుల కొట్టంలో కారు. దాని ముందు ప్లాస్టిక్ కుర్చీలో అనసూయమ్మ గారు కూర్చుని ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. కారు కొన్నది ఆమె మామగారు. ఆయన తర్వాత నడిపినది ఆమె భర్త నారాయణ గారు. పెళ్లి చీరలు నింపుకుని వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపూర్ వైపు పెద్ద ఇళ్లకు తిరిగిన బండి అది. నాకు ఫోన్ చేసిన వెంకటేశ్ నారాయణ గారి తమ్ముడు, అరవై అయిదేళ్లవాడు. బండికి ప్రదర్శనలో అసలు తరగతిలో, అంటే ఫ్యాక్టరీలో చేసినట్టే ఉన్న బళ్ల వరసలో, చోటు దొరికితే పెళ్లి ఫోటోలకు అద్దెకు ఇవ్వాలన్నది ఆయన ఆలోచన. దాచలేదు, నేరుగానే చెప్పాడు. ఆ ఆలోచనలో రేడియో ఉన్నా లేకున్నా ఆయనకు ఒకటే.

అనసూయమ్మ గారికి ఒకటి కాదు. టీ చేతికిచ్చి, నేను తాగేదాకా ఆగి చెప్పారు. "చూడు సారు, మా ఆయన ఇది కారు రేడియో అనే చెప్పిండు. మగ్గం కాడ పెట్టుకొని విన్నం, నిజమే. నేను దాస్తలేను. కాని ఇది కారుది. కాదని నువ్వు చూపిస్తె నా చేతుల్తోనే పీకి అవతల పెడ్త. కారుదే అయితె మాత్రం ఎవ్వన్నీ ముట్టనియ్య."

పరిశీలకుడు చెప్పిన కారణాలు ఏమిటని అడిగాను. నాలుగు చెప్పాడట. లోపలంతా నూలు దూది. డబ్బాకు గంజి మరకలు. వెనక ఎవరో చేత్తో అతికించిన అదనపు తీగలు. అన్నిటికన్నా పెద్దది నాలుగోది: మీటను కుడికి తిప్పితే డయల్ ముల్లు ఎడమకు పోతుంది. రెండు వేరు వేరు రేడియోల భాగాలు కలిపితే తప్ప ఇట్లా కాదన్నాడట.

నేను ముందు కారు బ్యాటరీ చూశాను. పాత బండి రేడియో చూసేవాళ్లు మొదట చేయాల్సిన పని ఇదే. ఇప్పటి కార్లలో బ్యాటరీ నెగెటివ్ కొనను బాడీకి కలుపుతారు. ఆ కాలపు చాలా బళ్లలో పాజిటివ్ కొనను కలిపేవారు. ఈ బండిలో ఇప్పటికీ అట్లాగే ఉంది. తర్వాత డయల్. దాని మీద అంకెల కింద కిలోసైకిళ్లని ఉంది. ఈ మధ్య మార్కెట్లో పాతవాటిలా కనిపించేట్టు చేసి అమ్ముతున్న రేడియోల మీద కిలోహెర్ట్జ్ అని ఉంటుంది, చాలావాటికి ఎఫ్ఎం కూడా ఉంటుంది. అరవైలలో ఈ ప్రాంతంలో ఎఫ్ఎం ఎవరూ వినలేదు. పరిశీలకుడి వెంట వచ్చిన ఒకతను అలాంటి కొత్త సెట్టునే 'కరెక్టు రేడియో' అని వెంకటేశ్‌కు బేరం పెట్టి వెళ్లాడు. దాని ఫోటో చూశాను. అది నెగెటివ్ బాడీ బండికి చేసిన సెట్టు. ఈ కారులో మామూలుగా పెట్టి స్విచ్ వేస్తే కరెంటు తిరగబడి కాలిపోతుంది.

సెట్టు విప్పి చూడాలంటే బల్ల, మంచి వెలుతురు, టంకం వేసే సామాను కావాలి. వనపర్తిలో ఖాజా భాయ్ ఉన్నాడు. పాత రేడియోలు బాగుచేస్తాడు, ఆదివారం అయినా దుకాణం తీస్తానని మాట ఇచ్చాడు. వనపర్తి నుంచి నాగర్‌కర్నూలు నలభై కిలోమీటర్ల పైచిలుకు. కాబట్టి దారి మీద ఉన్నట్టే. కారులోనే బయలుదేరాం. వెంకటేశ్ స్టీరింగ్ దగ్గర, పక్కన నేను, వెనక సీటు నిండా అనసూయమ్మ గారు, ఆమె చీరల మూట. వనపర్తిలో ఒకరికి ఇవ్వాలట. కారు తీస్తే ఖాళీగా పోవడం ఆ ఇంట్లో లేదు.

గద్వాల నుంచి వనపర్తికి పెబ్బేరు మీదుగా పోతే రోడ్డు బాగుంటుంది, గంటంబావులో చేరవచ్చు. మేము జూరాల ఆనకట్ట మీదుగా ఆత్మకూరు దారి పట్టాం. ఆ ఎత్తుపల్లాల దారిలో నా పని కూడా ఉంది. ఇంటి రేడియోను నడిచే కారులో పెడితే ఇంజన్ నిప్పురవ్వల చప్పుడు అందులో వినిపిస్తుంది. వేగం పెరిగేకొద్దీ చిటపటలూ పెరుగుతాయి. కారు కోసం చేసిన సెట్టుకు ఇనుప డబ్బా, కరెంటు తీగ మీద ఒక రాగి తీగ చుట్ట, ఆ చప్పుడును అడ్డుకునే ఏర్పాట్లు ఉంటాయి. హైదరాబాద్ మీడియం వేవ్ స్టేషన్ పెట్టమన్నాను. వెంకటేశ్ మీటను ఎడమకు తిప్పాడు, ముల్లు కుడికి జరిగింది, ఏడు వందలు దాటిన చోట ఆగింది. స్టేషన్ పలికింది. మిరప తెగుళ్ల గురించి ఎవరో చెబుతున్నారు. నలభైలో, అరవైలో, మళ్లీ ఇరవైలో నడపమన్నాను. గొంతు సన్నబడింది, ఎత్తు మీద పెరిగింది. చిటపటలు లేవు.

అక్కడే ఇంకో సంగతి రాసుకున్నాను. ముల్లు ఎదురు దిక్కుకు పోతున్నా ఆగిన అంకె మాత్రం ఆ స్టేషన్ అంకె. రెండు సెట్ల భాగాలు కలిపి ఉంటే అంకె, స్టేషను ఇంత కచ్చితంగా కలవవు.

జూరాల దగ్గర చేపలు తినకుండా దాటవద్దు. ఆనకట్ట పక్కన వరసగా దుకాణాలు ఉంటాయి. చేపను మన ముందే తూచి, కోసి, మసాలా పట్టించి వేయిస్తారు. ముగ్గురికి కడుపు నిండా తినడానికి ఆరు వందల లోపే అయింది. ధర ముందే అడిగి కోయించుకోండి. పొయ్యి దగ్గరున్నామె కారు చూసి, రేడియో బంద్ చేయొద్దని కేక వేసింది. ఫోన్‌లో కావలసిన పాట వినొచ్చు కదా అని వెంకటేశ్ అంటే ఆమె, "ఫోన్ల నేనడిగిందే వస్తది. దీన్ల అది చెప్పింది నేనింట. గదే బాగుంటది," అని చేపను తిప్పేసింది. అనసూయమ్మ గారు అది విని నవ్వారు. ఆ రోజు ఆమె నవ్వడం అప్పుడే చూశాను.

వనపర్తి చేరేసరికి ఒంటిగంట. ఖాజా భాయ్ దుకాణం పాత బజారులో మెట్ల కింద ఒక గది. "ఆదివారం నాడు ఆపరేషన్ పెట్టిండ్రు సారు. డాక్టర్ మీరా, నేనా?" అన్నాడు. విప్పడం ఆయన, చూడడం నేను అని పంచుకున్నాం. డ్యాష్‌బోర్డు కింద రెండు మరలు విప్పితే సెట్టు ముందుకు జారి వచ్చింది. ఆ మరల తలలకు రెక్కలున్నాయి, పనిముట్టు లేకుండా చేత్తోనే విప్పేటట్టు. ఊరు తిరిగి వచ్చాక నారాయణ గారు దాన్ని విప్పి మగ్గాల గదిలో చెక్క పెట్టెలో పెట్టి, పాత కారు బ్యాటరీకి కలిపేవారట. నేసేవాళ్లు పొద్దంతా వినేవాళ్లు. ఊరికి పోయేనాడు మళ్లీ కారులోకి. దూది, గంజి మరకలు, అదనపు తీగలు ఎక్కడి నుంచి వచ్చాయో అక్కడితో తేలింది. పరిశీలకుడు చూసినవి నిజమే. వాటి నుంచి ఆయన తేల్చింది తప్పు.

మూత తీశాక ఒక్కొక్కటే చూశాను. ఇంటి కరెంటుకు కావలసిన ట్రాన్స్‌ఫార్మర్ లేదు, దానికి చోటు కూడా లేదు. టార్చి బ్యాటరీలు పెట్టే అర లేదు. పన్నెండు వోల్టుల మీద తప్ప నడవని సెట్టు. ఏరియల్ తీగ దూరే రంధ్రం పక్కన ఒక చిన్న మర ఉంది. కారు ఏరియల్ పొడవుకు సెట్టును సరిచేసే మర అది, ఇంటి రేడియోలో దాని అవసరం లేదు. లోపల ఒక చిన్న ప్లగ్గు పాజిటివ్ బాడీ వైపు పెట్టి ఉంది. పెద్ద కండెన్సర్ మీద తయారీ ముద్ర చెరగకుండా ఉంది: అరవైల చివర. ఇది కారు రేడియో. ఇందులో నాకు సందేహం మిగల్లేదు. బయటికే చెప్పాను.

వెంకటేశ్ నన్ను కౌగిలించుకోబోయాడు. అనసూయమ్మ గారు మాత్రం కదల్లేదు. ఆమె చూపు సెట్టు లోపలే ఉంది. ఖాజా భాయ్ టార్చి వేసి, డయల్ ముల్లును లాగే దారం చూపిస్తున్నాడు. కంపెనీ దారం మైనం పట్టించిన నల్ల దారం అయ్యుండాలి. అక్కడున్నది ముదురు ఆకుపచ్చ పట్టు. రెండు పేటలు పేనిన పట్టుదారం, మీట కడ్డీకి మూడు చుట్లు చుట్టి, కొసలు కనబడనంత చిన్న ముడి వేసి ఉంది. చుట్లు తిరిగిన దిక్కు మాత్రం తలకిందులు. అందుకే కుడికి తిప్పితే ముల్లు ఎడమకు పోతోంది.

"గది నా దారం," అన్నారామె.

మేం ముగ్గురం తిరిగి చూశాం. ఆ కంపెనీ దారం తెగిపోయినప్పుడు గద్వాలలో బాగుచేసేవాళ్లు లేరట. మర్నాడు ఊరికి పోవాలి. నారాయణ గారు మూత తీసి దీపం పట్టుకున్నారు. ఆమె మగ్గానికి దారం కండెలు చుట్టే మనిషి; పదేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచి అదే పని. "కండె మీద ఎట్ల చుడ్తమో గట్లనే చుట్టిన. చెయ్యి అటే పోతది. పాట ఒచ్చింది. ముల్లు ఎదురు పోతున్నదని ఆయన నవ్విండు. పోనియ్, ఊరికి పోయి రా, మళ్ల చూద్దమన్న. ఇంగ చూసుడు లేదు."

వెంకటేశ్ నోరు తెరిచాడు. "ఇన్నేండ్లు అన్న బాగుజేసిండనే చెప్పుకుంటిమి గద వదినా."

"మీరు చెప్పుకున్నరు. నన్నెవరన్న అడిగితిరా?"

ఖాజా భాయ్ వాతావరణం తేలిక చేద్దామని, అయిదు నిమిషాల పని, దారం తీసి కంపెనీది వేస్తా, ముల్లు సీదా అవుతుందన్నాడు. డ్రాయర్‌లోంచి నల్ల దారం చుట్ట కూడా తీశాడు. పరిశీలకుడి నాలుగో అభ్యంతరం దాంతో పోతుందని వెంకటేశ్ సంతోషపడ్డాడు. ఆమె సెట్టు మీద చెయ్యి పెట్టి, వద్దన్నారు. ఖాజా భాయ్ చుట్టను మళ్లీ డ్రాయర్‌లో పెట్టేశాడు.

సెట్టును మళ్లీ బిగించడానికి డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకున్నది నేనే. అక్కడ నాకు ఇష్టం లేనిది కనబడింది. రేడియో వెనక ఇనుప రేకుకు నాలుగు రంధ్రాలు, అంచుల్లో పాత తుప్పు, ఒకదానిలో ఎండిన రబ్బరు ముక్క. ట్రాన్సిస్టర్ సెట్లు రాకముందు కారులో వాల్వుల రేడియో పెడితే, దానికి కరెంటు పెంచే పెట్టె ఒకటి విడిగా ఇక్కడ బిగించేవారు. అంటే ఈ బండిలో ముందు వేరే రేడియో ఉంది. ఇది రెండోది. బండి పుట్టిన కొన్నేళ్లకు వచ్చింది. దరఖాస్తులో మాత్రం 'బండితో వచ్చిన రేడియో' అని వెంకటేశ్ రాసి ఇచ్చాడు.

బయటికి వచ్చి చూసింది చూసినట్టు చెప్పాను. వెంకటేశ్ ముఖం మాడిపోయింది. ఆ పరిశీలకుడు కిందికి వంగి చూడలేదు, ఇప్పుడూ చూడడు, మనమెందుకు చెప్పాలన్నాడు. రెండూ చెప్తాను, లేకపోతే ఏదీ చెప్పను అన్నాను. "సారు, నువ్వు మా దిక్కా, వాండ్ల దిక్కా?" అని గొంతు పెంచాడు. నేను రైలెక్కి వెళ్లిపోతానని కూడా అన్నాను. అది బెదిరింపు కాదు. సగం నిజంతో నాగర్‌కర్నూలు దాకా పోయే ఓపిక నాకు లేదు.

అనసూయమ్మ గారు కారులో కూర్చుంటూ మరిదికి చెప్పారు. "రాయచూరు మిల్లు సావుకారి దగ్గర మామ కొన్నడు గద ఈ కారు. వాడు తన రేడియో తాను పీక్కొని ఇచ్చిండంట. కారుకు బొక్కలు మిగిలినయని మామ సచ్చేదాంక తిట్టిండు. ఈ రేడియో మీ అన్న తెచ్చి పెట్టిండు. నువ్వు అప్పుడు గోలీలాడుకుంటుంటివి. సారును చెప్పనియ్. దాస్తె రేపు ఇంకొకడు వంగి చూస్తడు, అప్పుడు మోసమన్నా మోసమే అయితది."

తర్వాత బిజినేపల్లి దాటేదాకా కారులో రేడియో పాడుతూనే ఉంది. ఈ దారిలో సొంత బండి లేనివాళ్లకు వనపర్తి బస్టాండు నుంచి నాగర్‌కర్నూలుకు బస్సులు తరచుగానే ఉంటాయి, గంటన్నర పట్టవచ్చు. వేసవిలో మధ్యాహ్నం ప్రయాణం పెట్టుకోవద్దు, ఈ ఎత్తు నేలల్లో రోడ్డు పక్క నీడ తక్కువ.

పరిశీలన నాగర్‌కర్నూలు శివారులో ఒక ఫంక్షన్ హాలు ఆవరణలో జరిగింది. అయిదారు బళ్లు, రెండు జీపులు, ఒక పాత వ్యాను. ఓ ముప్ఫై మంది జనం. పరిశీలకుడు మర్యాదస్థుడు, నలభై అయిదేళ్లవాడు, ఎండలో కూడా చొక్కా చేతులు మడవని మనిషి. నేనెవరో చెప్పాను. బ్యాటరీ చూపాను, మూత తీసి ఏరియల్ మర చూపాను, పాజిటివ్ ప్లగ్గు చూపాను, కండెన్సర్ మీది ముద్ర చదివించాను. ఇంజన్ పరుగెత్తిస్తూ స్టేషన్ వినిపించాను. మగ్గాల గది సంగతి, పట్టుదారం సంగతి చెప్పాను. చివరికి టార్చి ఆయన చేతికే ఇచ్చి, కిందికి వంగి ఆ నాలుగు రంధ్రాలు చూడమన్నాను. ఆయన చొక్కా పాడవుతుందని చూడకుండా కింద పడుకుని చూశాడు. ఆ గౌరవం ఆయనకు ఇవ్వాలి.

లేచి, ఇది కారు రేడియోనే అని నాతో మెల్లగా అన్నాడు. అనసూయమ్మ గారు కుర్చీలోంచి లేచారు. "సారు, మా వాకిట్ల నలుగుర్ల అన్నవు. ఈడ గూడ నలుగురున్నరు. ఈ మాట గూడ వాండ్లకు ఇనబడాలె."

పరిశీలకుడు ఎర్రబడ్డాడు. తర్వాత గొంతు సవరించుకుని అందరికీ వినిపించేట్టు చెప్పాడు: ఈ రేడియో కారుకు చేసిందే, ఇంటి రేడియో అనడం నా పొరపాటు, మోసం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఎవరో రెండు చప్పట్లు కొట్టి, మిగతావాళ్లు కొట్టకపోతే ఆపేశారు. ఆమె తల ఊపి కూర్చున్నారు.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. నిబంధన ఇంకా ఉంది. అసలు తరగతిలో నిలబడే బండిలో మొదట బిగించిన రకం రేడియో ఉండాలి, లేదా రేడియోనే ఉండకూడదు. ఫ్యాక్టరీ నుంచి ఈ బండ్లు రేడియో లేకుండా, ఆ చోట ఖాళీ రేకుతో వచ్చేవి. కాబట్టి రేడియో తీసి రేకు బిగిస్తే చాలు, ఇప్పుడే సంతకం పెడతానన్నాడు పరిశీలకుడు. ఆయన దగ్గర రేకు కూడా ఉంది. నిబంధన ప్రకారం ఆయన చెప్పింది సరే. కారు నిలబడేది ఒక్క రోజు, తర్వాత ఇంటికొచ్చి మళ్లీ పెట్టుకుందామని వెంకటేశ్ వదినను బతిమాలాడు. రెక్కల మరలు చేత్తోనే విప్పవచ్చు, రెండు నిమిషాల పని. వెంకటేశ్ చెయ్యి డ్యాష్‌బోర్డు కిందికి పోయింది కూడా.

"వెంకటేశూ, చెయ్యి తియ్," అన్నారామె. గొంతు పెంచలేదు. పరిశీలకుడి వైపు తిరిగి, ఇది ఉంటే ఇంకే తరగతి ఉందని అడిగారు. వాడుకలో ఉన్న బళ్లని ఒకటి ఉంది. దానికి బహుమతి లేదు, పత్రం లేదు, ముందు వరసలో చోటు లేదు. గేటు పక్కన వెనక నిలబెడతారు. ఆయన కాస్త ఇబ్బంది పడుతూనే చెప్పాడు.

"దాన్లనే రాయుండ్రి. వెనకనే నిలబెట్టుండ్రి. మోసమంటె ఊకోనంటిని, మీరు వాపస్ తీసుకుంటిరి, అయిపాయె. ఇంగ బండి మాత్రం రేడియోతోనే ఒస్తది. పాడుకుంటనే ఒస్తది."

ఆయన రాశాడు. వెంకటేశ్ దూరంగా వెళ్లి జీపు నీడలో నిలబడ్డాడు. పెళ్లి ఫోటోల ఆలోచన ఆయన మొహంలోనే కూలిపోవడం చూశాను, బాధ వేసింది కూడా. కాసేపటికి వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నన్ను బస్టాండు దగ్గర దింపారు. హైదరాబాద్ బస్సు వెంటనే దొరికింది. రెండున్నర, మూడు గంటల దారి. కారు గద్వాల వైపు తిరిగేటప్పుడు వెనక అద్దంలోంచి అనసూయమ్మ గారి చేయి ముందు సీట్ల మధ్యకు చాచి ఉండడం కనిపించింది. రేడియో గొంతు పెంచుతున్నారు.

ఈ వ్యాపకంలో ఉన్న మిత్రులు నాతో ఒప్పుకోరని తెలుసు, అయినా రాస్తున్నాను. కాలానికి సరిపోయే రేడియో అంటే ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఉన్నదే అనే లెక్క నేను పాటించను. కారుకు ఆ ఒక్క రోజే కాలం అయితే, తర్వాత నడిపినవాళ్లంతా దాన్ని పాడుచేసినవాళ్లే అవుతారు. ఆ నాలుగు రంధ్రాలు రాయచూరు సావుకారి కాలం. కండెన్సర్ ముద్ర నారాయణ గారి కాలం. ఆకుపచ్చ పట్టు అనసూయమ్మ గారి కాలం. నా పని వాటిని తారుమారు చేయకుండా, ఏది ఎప్పటిదో చెప్పడం. ఏది ఉండాలో, ఏది పోవాలో ఆ బండిలో తిరిగిన మనిషి చెప్పాలి. ఖాళీ రేకు పెట్టిన అంబాసిడర్ కావాలంటే దేశంలో చాలా దొరుకుతాయి. వాటి గురించి రాయమని నన్ను అడగకండి.

పాత కారు రేడియోల కోసం ఈ వైపు వచ్చేవాళ్లకు ఒక సలహా. సెట్టు మూత విప్పే ముందు దీన్ని ఎవరు బాగుచేశారని అడగండి. జవాబు ఇంట్లో మగవాళ్లు చెప్పినా అక్కడితో ఆపకుండా, అదే ప్రశ్న ఆడవాళ్లను కూడా అడగండి.